బ్రేకు దగ్గర కరిగే డీజిలు

కోనసీమలో కొండలు లేవు. గౌతమికీ వసిష్ఠకూ నడుమ గోదావరి వేల ఏళ్ళుగా తెచ్చి పోసిన ఒండ్రు నేల ఇది. రావులపాలెంలో బయల్దేరి అంతర్వేది సముద్రం దాకా వెళ్ళినా బండి ఎక్కాల్సిన ఎత్తులంటే వంతెనల మొదట్లో ఉండే ఏటవాలు, కాలువల మీది కల్వర్టులు, అంతే. మైలేజీ లెక్కలో ఇది చిన్న విషయం కాదు. మనుషులతో కలిపి 2200 కిలోలు తూగే స్కార్పియో లాంటి బండి మారేడుమిల్లి వైపు ఘాట్ రోడ్డులో 300 మీటర్ల ఎత్తు ఎక్కిందనుకుందాం. ఆ బరువును పైకి చేర్చడానికే దాదాపు 65 లక్షల జౌళ్ళ శక్తి కావాలి. ఇంజను వృథా చేసేదీ కలుపుకుంటే సుమారు ముప్పావు లీటరు డీజిలు. కోనసీమ బండికి ఆ ఖర్చు లేదు. పైగా సముద్రమట్టానికి దగ్గరి నేల కాబట్టి గాలి చిక్కగా ఉంటుంది, ఇంజనుకు ప్రాణవాయువు లోటుండదు.

ఈ లెక్కన పాత ఎస్‌యూవీలకు మంచి మైలేజీ ఇక్కడే రావాలి. రావడం లేదు. అమలాపురంలోనో కొత్తపేటలోనో పాత సుమో, క్వాలిస్, బొలెరో ఏదున్న ఇంట్లో అడిగినా తరచూ వినపడే మాట ఒకటే: "హైవే ఎక్కితే పదమూడు ఇస్తోందండి, ఇంటి దగ్గర పది కూడా రావట్లేదండి." ఎందుకని అడిగితే బండి పాతబడింది అంటారు. పాతబడిన మాట నిజమే. కానీ ఆ పాత ఇంజనే హైవే మీద పదమూడు ఇస్తోంది కదా! ఇంజను అదే, వయసు అదే, మారింది రోడ్డు. ఆ రోడ్డు మీద బండి ఎన్నిసార్లు వేగం అందుకుని ఎన్నిసార్లు పోగొట్టుకుంటోందో చూస్తేనే అసలు లెక్క తెలుస్తుంది.

ఈ బళ్ళ పుట్టుక గురించి రెండు మాటలు. టాటా సుమో 1994లో వచ్చింది, సఫారీ 1998లో. బొలెరో, క్వాలిస్ రెండూ 2000లో, స్కార్పియో 2002లో. వాటిలో చాలా వాటికి ఇంకా పాత తూర్పు గోదావరి జిల్లా కోడ్ ఏపీ 05తోనే నంబరు ప్లేట్లున్నాయి. కోనసీమ విడి జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న. మొదటి పదిహేనేళ్ళ రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో దాటిపోయి, ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకుంటూ నడుస్తున్న బళ్ళివి. పెళ్ళిబృందాలను మోస్తాయి, సంక్రాంతికి వచ్చే చుట్టాలను రావులపాలెం సెంటర్ నుంచి ఊళ్ళోకి తెస్తాయి, రొయ్యల చెరువుల గట్ల మీదికి వెళ్తాయి, తిరుపతి వెళ్ళొస్తాయి. ఎనిమిది మందిని ఎక్కించుకుని గతుకుల్లో నడిచే బండికి ఇక్కడ నిజమైన అవసరం ఉంది. వీటిని కొన్నవాళ్ళంతా డాబుకే కొన్నారనడం అన్యాయం.

అయితే వీటి ఒంట్లో ఉన్నది లారీ ఎముక. నిచ్చెన ఆకారంలో ఉండే బరువైన ఇనుప ఛాసిస్, దాని మీద విడిగా బిగించిన బాడీ. మహీంద్రా కంపెనీ 1947లో విల్లీస్ జీపులు బిగించడంతో బళ్ళ వ్యాపారం మొదలుపెట్టింది. ఆ జీపు వంశమే బొలెరో దాకా సాగింది. అమెరికాలోనూ ఇదే కథ, ఇంకా పెద్ద ఎత్తున. 1973 చమురు సంక్షోభం తర్వాత అక్కడి ప్రభుత్వం 1975లో కార్ల మైలేజీకి చట్టం తెచ్చింది. చిన్న ట్రక్కులకు మాత్రం వేరే ప్రమాణం పెట్టింది, అది కార్లకన్నా సులువు. కంపెనీలు ట్రక్కు ఛాసిస్ మీద కుటుంబాలకు సరిపడే బాడీ కట్టి అమ్ముకున్నాయి. పొదుపు కోసం తెచ్చిన చట్టంలోని సందే బరువైన బండి పెరగడానికి దారి ఇచ్చింది. చట్టాలు రాసేవాళ్ళు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది.

ఇక లెక్కలోకి వద్దాం. లీటరు డీజిలులో సుమారు 3 కోట్ల 60 లక్షల జౌళ్ళ శక్తి ఉంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో పరీక్షకు పెట్టిన ఇంజను ఇంధనంలోని శక్తిలో 26 శాతాన్ని పనిగా మార్చింది. ఆనాటి ఆవిరి యంత్రాలు అందులో సగం కూడా చేయలేకపోయేవి. మన పాత సుమో, క్వాలిస్ ఇంజన్లు మంచి లోడు మీద ఉన్నప్పుడు చక్రం దాకా చేర్చేది ఇంచుమించు నాలుగో వంతే. మిగతాది రేడియేటర్లో, సైలెన్సర్లో వేడిగా పోతుంది. ఈ నష్టాన్ని డ్రైవరు తగ్గించలేడు. చక్రం దాకా వచ్చిన ఆ నాలుగో వంతు ఎక్కడికి పోతోందన్నదే మన చేతిలో ఉన్న సంగతి.

సమానమైన వేగంతో పోయే బండిని రెండు వెనక్కి లాగుతాయి. ఒకటి టైరు. రోడ్డును తాకిన చోట టైరు అణిగి, మళ్ళీ లేచి, అలా లక్షలసార్లు నలుగుతూ వేడెక్కుతుంది. 2200 కిలోల బండికి మామూలు తారు రోడ్డు మీద ఇది సుమారు 29 కిలోల బలంతో వెనక్కి గుంజినట్టు. వేగం పెరిగినా ఇది పెద్దగా మారదు. రెండోది గాలి. పెట్టెలా నిటారుగా ఉండే ఎస్‌యూవీని గంటకు 40 కిలోమీటర్ల వేగంలో గాలి దాదాపు 9 కిలోల బలంతో ఆపుతుంది. 60లో అది 20 కిలోలు, 80లో 35, 100లో 55. వేగం రెండింతలైతే గాలి అడ్డు నాలుగింతలు. ఈ రెండూ సరిసమానమయ్యేది 72 కిలోమీటర్ల వేగం దగ్గర. అంటే పదహారో నంబరు జాతీయ రహదారి మీద తొంభైలో పోయే స్కార్పియోకు పెద్ద శత్రువు గాలి. కాలువగట్టు మీద నలభైలో పోయే అదే స్కార్పియోకు గాలి వాటా నాలుగో వంతు కూడా లేదు. హైవే కోసం చెప్పే సలహాలు, అద్దాలు మూయండి, పైన క్యారియర్ తీసేయండి అన్నవి, ఇక్కడ పెద్దగా పనిచేయవు.

మరి గట్టు రోడ్డు మీద డీజిలు తాగేది ఏది? బ్రేకు.

వేగంగా పోతున్న బండిలో శక్తి నిలవుంటుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో 2200 కిలోల బండి మోస్తున్న చలనశక్తి 2 లక్షల 12 వేల జౌళ్ళు. బ్రేకు తొక్కి ఆపితే అదంతా డ్రమ్ముల్లో, డిస్కుల్లో వేడిగా మారిపోతుంది. ఏడు గ్లాసుల టీకి సరిపడే నీళ్ళు మరగబెట్టేంత వేడి అది, ఒక్కసారి ఆగినందుకు. ఆ వేగంలో నిలకడగా నడవడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇంకా బాగా తెలుస్తుంది. టైర్లు, గాలి రెండింటినీ ఎదిరిస్తూ ఒక కిలోమీటరు పోవడానికి చక్రాల దగ్గర కావాల్సింది 4 లక్షల 14 వేల జౌళ్ళు. అంటే ఒకసారి 50లో ఉండి బ్రేకు వేసి ఆగితే అర కిలోమీటరు ప్రయాణం బూడిదైనట్టే. డీజిల్లో చెప్పాలంటే మళ్ళీ వేగం అందుకోవడానికి 25 మిల్లీలీటర్లకు కాస్త అటూ ఇటూ. కిలోమీటరుకు రెండుసార్లు అలా ఆగితే నడవడానికి ఎంత ఖర్చయిందో ఆగడానికీ అంతే ఖర్చవుతుంది. హైవే మీది పదమూడు ఇంటి దగ్గర పదికి ఎందుకు దిగుతుందో ఇప్పుడు ఎవరికైనా అర్థమవుతుంది.

కోనసీమలో అన్నిసార్లు బ్రేకు ఎందుకు పడుతుంది? జవాబు చరిత్రలో ఉంది. 1847 నుంచి 1852 వరకు ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. అక్కణ్ణించి కాలువలు డెల్టా అంతా అల్లుకున్నాయి. వరద నీటికి మునగకుండా కాస్త ఎత్తుగా ఉండే నేల కాలువగట్టే కాబట్టి బాటలు గట్ల మీద పడ్డాయి, ఇళ్ళు బాటల వెంట లేచాయి. కాలువ వంగిన చోటల్లా రోడ్డు వంగుతుంది. లాకు దగ్గర ఇరుకవుతుంది. ఒక ఊరు ఎక్కడ అయిపోయి ఇంకో ఊరు ఎక్కడ మొదలైందో తెలియదు. రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా అమలాపురం పోతే కొబ్బరికాయల ట్రాక్టరు, బడి వదిలిన పిల్లల సైకిళ్ళు, గేదెలు, ఆటో, స్పీడ్ బ్రేకరు, మలుపు, మళ్ళీ స్పీడ్ బ్రేకరు. ఇవేవీ తప్పించలేం. తప్పించకూడదు కూడా, అక్కడ నడిచేది మనుషులు. డ్రైవరు చేతిలో ఉన్నది ఒకటే: రెండు అడ్డంకుల మధ్య ఎంత వేగం అందుకోవాలన్నది.

ఇక్కడ వర్గం లెక్క మనకు సాయపడుతుంది. చలనశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 50 బదులు 40 దాకానే వెళ్తే ప్రతి బ్రేకులో పోయే శక్తి 36 శాతం తగ్గుతుంది. 50 నుంచి 30కి దిగడమే చాలు, దాచుకున్న శక్తిలో మూడింట రెండొంతులు పోవడానికి. స్పీడ్ బ్రేకరు దూరంగా కనపడగానే యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి, బండిని గేర్లోనే ఉంచి దొర్లనిస్తే, బ్రేకులో వేడిగా పోవాల్సిన శక్తి చాలా భాగం రోడ్డును దాటడానికే పనికొస్తుంది. స్పీడ్ బ్రేకరు దగ్గరికి గబగబా వచ్చి గట్టిగా బ్రేకు కొట్టి, దాటగానే మూడో గేరులో బలంగా తొక్కే అలవాటు ఉన్న డ్రైవరుకు, ముందుచూపుతో నడిపే డ్రైవరుకు మైలేజీలో వచ్చే తేడా ఏ ఇంజను రిపేరుతోనూ రాదు. ముప్పై కిలోమీటర్ల దారిలో ఇద్దరూ ఇల్లు చేరే వేళలో తేడా కొద్ది నిమిషాలే, ఎందుకంటే ఇద్దరినీ ఆపేది అదే ట్రాక్టరు.

డ్రైవరు బ్రేకు తొక్కకపోయినా బ్రేకు పడుతూ ఉండే బళ్ళున్నాయి. కోనసీమలో ఇది ఎక్కువ. గాలిలో తేమ, సముద్రం వైపు ఊళ్ళలో ఉప్పు, వర్షాకాలంలో లంకల దారుల్లో బురద నీళ్ళు. వీటితో క్యాలిపర్ పిన్నుల గ్రీజు ఎండిపోతుంది, వీల్ సిలిండర్లలో తుప్పు చేరుతుంది, హ్యాండ్ బ్రేక్ కేబుల్ వెనక్కి రాదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే గుణమున్న ద్రవం. అది మార్చి ఎన్నేళ్ళయిందో చాలామంది ఓనర్లకు గుర్తుండదు.

మెకానిక్ షెడ్డులో దీన్ని పట్టుకునే పద్ధతి చూడదగ్గది. బండి పది కిలోమీటర్లు నడిచి వచ్చీ రాగానే మెకానిక్ నాలుగు చక్రాల దగ్గరా వరసగా అరచెయ్యి పెడతాడు, హబ్బుకు తగలనివ్వకుండా అంగుళం ఎడంగా. మూడు గోరువెచ్చగా ఉండి నాలుగోది సెగ కొడుతుంటే ఇంకేం చూడక్కర్లేదు. ఓనరు "పంపు విప్పించాలా?" అని అడుగుతాడు. "పంపు జోలికెందుకండి, ముందెడమ చక్రం పట్టేస్తోందండి. ఇటొచ్చి చెయ్యి పెట్టి చూడండి" అంటాడు మెకానిక్. జాకీ మీద లేపి చక్రాన్ని చేత్తో తిప్పితే అది అర చుట్టు కూడా తిరగకుండా, సర్రుమని రాసుకుంటూ ఆగిపోతుంది. క్యాలిపర్ విప్పి, పిన్నులు బయటికి లాగి, గరుకు కాగితంతో తుప్పు రుద్ది, కొత్త గ్రీజు పెట్టి బిగించాక అదే చక్రం చెయ్యి వదిలాక కూడా తిరుగుతూ ఉంటుంది. నలభై వేగంలో బండిని వెనక్కి లాగేది మొత్తం 38 కిలోల బలమని చూశాం. పట్టేసిన చక్రం దానికి ఐదు కిలోలు కలిపితే ఖర్చు ఎనిమిదో వంతు పెరిగినట్టు. వేలు పోసి పంపు, నాజిళ్ళు రిపేరు చేయించే ముందు చూడాల్సింది ఇదీ.

టైర్లలో గాలి సంగతి అందరికీ తెలుసు, చేసేవాళ్ళు తక్కువ. గాలి ఒత్తిడి నాలుగో వంతు తగ్గితే ఇంధన ఖర్చు 5 నుంచి 10 శాతం పెరుగుతుందని పెట్రోలియం పొదుపు పరిశోధన సంస్థ పీసీఆర్‌ఏ ఏళ్ళ తరబడి చెబుతోంది. గట్టు రోడ్డు మీద టైరు వాటా గాలి వాటాకన్నా మూడింతలు కాబట్టి ఈ సలహా హైవే వాళ్ళకన్నా కోనసీమ వాళ్ళకే ఎక్కువ వర్తిస్తుంది.

ఇంజను నిర్దోషి అని నేననడం లేదు. పాత సుమోలో ఉన్న 1948 సీసీ ఇంజను, క్వాలిస్‌లోని 2446 సీసీ ఇంజను, మొదటి బొలెరోల ప్యూజో ఇంజను, మూడూ ఒకే తరహావి. వాటిలో డీజిలు నేరుగా సిలిండర్లోకి పడదు. పక్కన ఉండే చిన్న గదిలోకి పడి, అక్కడ అంటుకుని, సన్నని గొంతు గుండా సిలిండర్లోకి దూకుతుంది. 1930లలో ఇంగ్లండులో హ్యారీ రికార్డో మెరుగుపరిచిన ఈ పద్ధతిలో ఇంజను మెత్తగా నడుస్తుంది, నాసిరకం డీజిలునూ తట్టుకుంటుంది. కానీ ఆ గది గోడలు వేడిని తినేస్తాయి, గొంతులో కొంత ఒత్తిడి పోతుంది. నేరుగా సిలిండర్లోకి చిమ్మే ఇంజన్లతో పోలిస్తే ఇంచుమించు 10 నుంచి 15 శాతం డీజిలు ఎక్కువ తాగుతాయి. తర్వాత వచ్చిన కామన్ రైల్ ఇంజన్లు వెయ్యి బార్లకు పైబడిన ఒత్తిడితో, కంప్యూటరు చెప్పిన క్షణంలో, చెప్పినంతే చిమ్ముతాయి. 2005లో వచ్చిన ఇన్నోవా, తర్వాత కామన్ రైలుతో వచ్చిన స్కార్పియో ఈ కోవలోవి.

పాత తరహా నాజిల్ తెరుచుకునేది నూట ఇరవై, నూట యాభై బార్ల దగ్గర. అందువల్ల నాజిల్ మొన అరిగితే తేడా కంటికే కనపడుతుంది. పంపు షాపులో చేతితో కొట్టే టెస్టరుకు నాజిల్ బిగించి, మీటరు చూస్తూ పిడిని కిందికి నొక్కుతారు. మంచి నాజిల్ కిర్రుమని కూస్తూ పొగమంచులా సన్నని తుంపర చిమ్ముతుంది, చివర పొడిగా ఉంటుంది. చెడిపోయినది చప్పుడు లేకుండా సన్నని ధారగా పోస్తుంది, కొసన బొట్టు వేలాడుతుంది. ఆ బొట్టు సిలిండర్లో సరిగా కాలదు, నల్ల పొగై బయటికొస్తుంది. నల్ల పొగ అంటే సగం కాలిన డీజిలు, మీరు డబ్బు పెట్టి కొన్నదే.

ఎయిర్ ఫిల్టర్ గురించి ఒక మాట. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో ఆధునిక పెట్రోలు కార్ల మీద పరీక్షించి, ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజీ తగ్గదని తేల్చింది. అక్కడ గాలి తగ్గితే కంప్యూటరు ఇంధనమూ తగ్గిస్తుంది. పాత మెకానికల్ పంపుకు గాలి ఎంత వస్తోందో తెలియదు, కాలు ఎంత తొక్కితే అంత డీజిలు పంపుతుంది. ఆ పరీక్ష ఫలితం చదివి పాత సుమో ఫిల్టర్‌ను వదిలేయకూడదు. శాస్త్రంలో ఒక ఫలితాన్ని ఇంకో చోటికి మోసుకెళ్ళే ముందు అక్కడి యంత్రం అదేనా అని చూసుకోవాలి.

నలభై వేగంలో ఇంకో వింత ఉంది. అప్పుడు చక్రాల దగ్గర బండికి కావాల్సిన శక్తి సుమారు 4 కిలోవాట్లు, అంటే ఐదున్నర హార్స్‌పవర్. డెబ్భై అయిదు గుర్రాల ఇంజను ఐదు గుర్రాల పని చేస్తోందన్న మాట. ఇంత తక్కువ లోడులో ఇంజను తన లోపలి రాపిడిని గెలవడానికి పెట్టే ఖర్చు బండిని నడిపే ఖర్చుతో పోటీ పడుతుంది. ఆ రాపిడి చుట్ల సంఖ్యతో పెరుగుతుంది కాబట్టి ఇంజను వణకనంత వరకు పై గేరులో నడపడం లాభం. ఏసీ కథా ఇక్కడే ఉంది. ముందూ వెనకా బ్లోయర్లున్న ఎస్‌యూవీలో కంప్రెసర్ రెండు మూడు కిలోవాట్లు తీసుకుంటుంది. హైవే మీద అది లెక్కలోకి రాదు. గట్టు మీద అది బండిని నడిపే శక్తిలో సగానికి పైనే. కొబ్బరిచెట్ల నీడలో, కాలువ మీది గాలి తగులుతుంటే, అద్దాలు దించుకుని పోవడం ఆరోగ్యానికీ జేబుకూ మేలు.

కొందరు డ్రైవర్లు వంతెన దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తారు. బోడసకుర్రు దగ్గరైనా, చించినాడ దగ్గరైనా, దయచేసి ఆ పని మానండి. గేరులో ఉండి కాలు తీసేస్తే చక్రాలే ఇంజనును తిప్పుతాయి, పంపు డీజిలును ఆపేస్తుంది. న్యూట్రల్లో ఇంజను ఐడిలింగ్ కోసం డీజిలు తాగుతూనే ఉంటుంది. ఆదా లేదు సరికదా, ఇంజను ఆగిపోతే బ్రేకుకు, స్టీరింగుకు అందే సాయం పోతుంది.

మైలేజీని కొలిచే తీరులోనే కొంత పొరపాటు దొర్లుతుంది. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, మొదటిసారి కట్ అయ్యేదాకా ట్యాంకు నింపించి, కనీసం మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ అలాగే నింపించి భాగిస్తే తప్ప ఆ అంకెకు విలువ లేదు. టైర్లు మార్చినవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. 215/75 ఆర్15 టైర్ల బదులు అందం కోసం 235/75 ఆర్15 వేయిస్తే చక్రం వ్యాసం 4 శాతం పైన పెరుగుతుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే ఎక్కువ దూరం పోతుంది, మీటరుకు ఆ సంగతి తెలియదు. వంద కిలోమీటర్లు నడిస్తే తొంభై ఆరే చూపిస్తుంది.

ఇంతకన్నా లోతైన పొరపాటు మైలేజీ అనే అంకెలోనే ఉంది. 2008లో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ సైన్స్ పత్రికలో దీన్ని బయటపెట్టారు. లీటరుకు 18 ఇచ్చే కారు 20 ఇచ్చేలా చేయడం, లీటరుకు 10 ఇచ్చే బండి 12 ఇచ్చేలా చేయడం, రెండూ రెండు కిలోమీటర్ల మెరుగే కాబట్టి సమానమని మనసు అనుకుంటుంది. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే బళ్ళతో లెక్కేయండి. మొదటి కారు 667 లీటర్ల నుంచి 600కు దిగుతుంది, ఆదా 67 లీటర్లు. రెండో బండి 1200 నుంచి 1000కి దిగుతుంది, ఆదా 200 లీటర్లు. మూడింతలు! గాలిలోకి పోయే బొగ్గుపులుసు వాయువు లెక్కలో అది అర టన్నుకు పైనే. ముసలి బండి కదా, ఎంత చేసినా ఏం లాభమని వదిలేసే చోటే ఒక్కొక్క కిలోమీటరు మెరుగుకూ అత్యధిక ఫలితం ఉంది. ఈ అధ్యాయం మొత్తంలో పాఠకుడు ఒక్క సంగతే గుర్తుంచుకోగలిగితే అది ఇదే కావాలని నా కోరిక.

మరి పాత బండిని ఎప్పటిదాకా ఉంచుకోవాలి? కొత్త బండి తయారీకే టన్నుల కొద్దీ కర్బనం ఖర్చవుతుంది. నెలకు రెండు మూడుసార్లు బయటికి తీసే క్వాలిస్‌ను తుక్కుకు వేసి కొత్తది కొనడంలో ఇంధనం పరంగా అర్థం లేదు. రోజూ వంద కిలోమీటర్లు తిరిగే కిరాయి బండి లెక్క వేరు. అక్కడ కొత్త ఇంజను ఆదా చేసే డీజిలు త్వరగానే ఆ ఖర్చును దాటుతుంది. ఇంకా ముఖ్యం, పొగ. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2012 జూన్‌లో డీజిలు పొగను క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. 2020 ఏప్రిల్ నుంచి అమ్మే బీఎస్-6 డీజిలు బళ్ళలో మసిని పట్టే ఫిల్టరుంటుంది, పాత సుమోలో లేదు. గట్టు రోడ్డుకు గజం దూరంలో అరుగులున్న ఊళ్ళలో ఆ మసి ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుందో వేరే చెప్పక్కర్లేదు. నాజిళ్ళు మార్చి, పంపు సరిచేయించి కూడా నల్ల పొగ ఆగని బండిని, మైలేజీ ఎంత వచ్చినా, నా అభిప్రాయంలో ఊళ్ళో తిప్పకూడదు.

ఇంధనం ఖరీదు కోనసీమకు ఇంకో విధంగానూ తెలుసు. రాజోలు దగ్గర తాటిపాకలో ఓఎన్‌జీసీ చిన్న రిఫైనరీ 2001 నుంచి ఈ నేల కింది ముడిచమురును శుద్ధి చేస్తోంది, అందులోంచి డీజిలూ వస్తుంది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. బంకులో మీటరు మీద తిరిగే అంకె వెనక ఆ ఊళ్ళున్నాయి. దాన్ని డ్రమ్ముల్లో వేడి చేసి పారేయడం నాకు మనసు ఒప్పని పని.

మీ ఇంట్లో పాత ఎస్‌యూవీ ఉంటే ఖర్చు లేని పనులతో మొదలుపెట్టండి. ఈసారి ఊరు తిరిగి ఇల్లు చేరగానే నాలుగు చక్రాల దగ్గరా, తాకకుండా, అరచెయ్యి పెట్టి వేడి చూడండి. ఒకటి మిగతా మూడింటికన్నా వేడిగా ఉంటే రేపే షెడ్డుకు తీసుకెళ్ళండి. నాలుగూ ఎక్కువ వేడిగా ఉంటే మాత్రం బండిని కాదు, బ్రేకు మీది కాలును సరిచేసుకోండి. నెలకు రెండుసార్లు గాలి కొట్టించండి. రెండు ట్యాంకుల డీజిలు అయ్యేదాకా గట్టు రోడ్డు మీద నలభై దాటకుండా నడిపి, మైలేజీ రాసి చూసుకోండి.